కాగితాల ఊళ్ళో గాజు పూలు

ఒక గృహిణి అరవై మూడో ఏట మొదలుపెట్టిన సేకరణ, ఆమె వెనకాల ఊరి సొత్తయింది. అమెరికాలోని నీనా పట్నంలో ఉన్న బెర్గ్‌స్ట్రామ్–మాహ్లర్ గాజు మ్యూజియం కథ ఇది.

విన్నెబాగో సరస్సు నుంచి ఫాక్స్ నది బయటికొచ్చే చోట, విస్కాన్సిన్ రాష్ట్రంలో నీనా అనే చిన్న పట్నం ఉంది. జనాభా ముప్ఫై వేలకు లోపే. ఆ నీటి ఉరవడి మీద ముందు పిండి మరలు తిరిగాయి. తర్వాత కాగితం మిల్లులు వెలిశాయి. 1872లో నలుగురు వ్యాపారులు కలిసి కింబర్లీ–క్లార్క్ సంస్థను ఇక్కడే పెట్టారు. ముఖం తుడుచుకునే కాగితానికి ప్రపంచమంతా వాడుకపేరుగా మారిన క్లీనెక్స్, ఆడవాళ్ళ జీవితాన్ని మార్చిన కోటెక్స్ ఈ ఊరి కంపెనీవే. తరాల పాటు నీనా కాగితం తయారుచేసింది, కాగితం అమ్మింది, ఆ డబ్బుతోనే సరస్సు ఒడ్డున భవంతులు కట్టుకుంది.

అలాంటి ఊళ్ళో, ఒక కాగితం మిల్లు యజమాని ఇంట్లో, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టే గాజు బరువుల కోసం మ్యూజియం వెలిసింది. ఎవరో పథకం వేసుకుని చేసిన పని కాదది. ఆ ఇంటి ఇల్లాలికి చిన్నప్పుడు చూసిన వస్తువొకటి గుర్తుండిపోవడంతో ఇదంతా జరిగింది.

పేపర్‌వెయిట్ అనగానే మనకు గుర్తొచ్చేది తాలూకాఫీసు బల్ల మీద గుండ్రటి గాజు ముద్ద. లోపల నాలుగు రంగుల చారలు, కొన్ని గాలిబుడగలు. పైన ఫ్యాన్ తిరుగుతుంటే కింద దస్త్రాలు కదలకుండా అది కాపలా కాసేది. పని లేనప్పుడు గుమాస్తాలు దాన్ని బల్ల మీద బొంగరంలా తిప్పేవారు. నీనాలో అద్దాల బీరువాల వెనక ఉన్నవి అదే కుటుంబానికి చెందిన వస్తువులే. కాకపోతే వాటిలో మంచివాటిని ఒకసారి దగ్గరగా చూస్తే, ఇంత చిన్న చోట ఇంత పని ఎలా పట్టిందా అన్న ఆశ్చర్యం చాలాసేపు వదలదు. మూడంగుళాల గోళంలో వందకు పైగా పూలు ఉంటాయి. ఒక్కో పువ్వులో మళ్ళీ నక్షత్రాలు, వలయాలు. వాటి మధ్య ఎక్కడో ఒక కోడిపుంజు, ఒక ఏనుగు, ఒక సీతాకోకచిలుక నీడబొమ్మల్లా కనిపిస్తాయి. పక్కనే ఇంకో గోళంలో ఒకే ఒక్క పాన్సీ పువ్వు ఆకులతో, మొగ్గతో సహా నిశ్చలంగా ఉంటుంది.

అమ్మమ్మగారి ఇంట్లో చూసినది

ఎవాంజలిన్ హోయ్స్‌రాట్ 1872లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథకాలో పుట్టింది. జాన్ నెల్సన్ బెర్గ్‌స్ట్రామ్‌ను పెళ్ళి చేసుకుని నీనా వచ్చింది. బెర్గ్‌స్ట్రామ్ కుటుంబానిది కాగితం మిల్లు. 1929లో ఆ దంపతులు సరస్సు ఒడ్డున ట్యూడర్ పద్ధతిలో పెద్ద ఇల్లు కట్టుకున్నారు.

1935లో ఫ్లారిడాలో పాత వస్తువుల ప్రదర్శన ఒకటి జరిగింది. అక్కడ ఎవాంజలిన్ కంట ఒక గాజు పేపర్‌వెయిట్ పడింది. చిన్నతనంలో అమ్మమ్మగారి ఇంట్లో అలాంటిదే ఉండేది. దానితో ఆడుకున్న జ్ఞాపకం అరవై మూడేళ్ళ వయసులో ఆమెను అక్కడే నిలబెట్టేసింది. కొన్నది. తర్వాత మరొకటి కొన్నది. ఆ తర్వాత ఆగలేదు.

సేకరణ పిచ్చి చాలామందికి ఉంటుంది. డబ్బున్న ఇళ్ళలో మరీనూ. ఎవాంజలిన్‌ను వాళ్ళ నుంచి వేరు చేసింది ఆమె వేసుకున్న ప్రశ్నలు. ఇది ఎక్కడ చేశారు? ఎప్పుడు? ఫలానా ఫ్యాక్టరీదని ఏ గుర్తును బట్టి చెప్పాలి? అసలేది, నకలేది? ఆ రోజుల్లో వీటికి జవాబు చెప్పే పుస్తకం ఇంగ్లీషులో లేనట్టే. ఆ పేపర్‌వెయిట్లు తయారై అప్పటికి తొంభై ఏళ్ళే. అయినా చేసినవాళ్ళ పేర్లు, పద్ధతులు అప్పటికే మరుగున పడ్డాయి. రోజువారీ వస్తువుల చరిత్రను ఎవరూ రాసిపెట్టరు. రాజుల కిరీటాలకు లెక్కలుంటాయి, రాతబల్ల మీది గాజుకు ఉండవు.

అందుకని ఆమే రాసింది. 1940లో ‘ఓల్డ్ గ్లాస్ పేపర్‌వెయిట్స్’ అనే పుస్తకాన్ని సొంత ఖర్చుతో అచ్చు వేయించింది. వాటి కళ, తయారీ, గుర్తుపట్టే లక్షణాలు అందులో వివరంగా ఉన్నాయి. మొదటిది కొన్న అయిదేళ్ళకు, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, ఏ విశ్వవిద్యాలయంతోనూ సంబంధం లేని ఒక గృహిణి రాసిన ఆ పుస్తకం ఈ రంగంలో తొలి సమగ్ర గ్రంథాల్లో ఒకటిగా నిలిచింది. తర్వాత వ్యాపార ప్రచురణ సంస్థలు దాన్ని మళ్ళీ మళ్ళీ వేశాయి. నా దృష్టిలో ఆ మ్యూజియానికి పునాది పడింది ఆ పుస్తకంతోనే. గోడలు, బీరువాలు తర్వాతి మాట.

వియన్నాలో మొదలై పారిస్‌కు

1845లో వియన్నాలో ఆస్ట్రియా పరిశ్రమల ప్రదర్శన జరిగింది. అప్పుడు వెనిస్ ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. వెనిస్ నుంచి పియత్రో బిగాలియా అనే గాజు పనివాడు రంగురంగుల గాజు ముక్కలు పొదిగిన గోళాలను అక్కడ ప్రదర్శించాడు. పారిస్ వాణిజ్య మండలి తరఫున ఆ ప్రదర్శన చూడటానికి యూజీన్ పెలిగో అనే రసాయన శాస్త్రవేత్త వెళ్ళాడు. 1841లో యురేనియం లోహాన్ని మొదటిసారి విడదీసినవాడు ఈయనే. యురేనియం కలిపితే గాజుకు లేత పచ్చ వెలుగొస్తుందని అప్పటికే బొహీమియా పనివాళ్ళకు తెలుసు. కాబట్టి గాజు, రసాయనం రెండూ ఎరిగిన కన్ను ఆయనది. బిగాలియా గోళాల గురించి ఆయన నివేదికలో రాశాడు.

ఫ్రాన్స్‌లో గాజు కంపెనీలు అప్పుడు కొత్త సరుకు కోసం వెతుకుతున్నాయి. లొరేన్ ప్రాంతంలోని సెయింట్ లూయీ ఫ్యాక్టరీ 1845 తేదీతో పేపర్‌వెయిట్లు చేసింది. అదే ప్రాంతంలోని బకారా 1846 నుంచి తేదీలు వేసింది. పారిస్ శివారులోని క్లిషీ వెంటనే అందుకుంది. అప్పుడే యూరప్‌లో ఉత్తరాలు రాయడం ఊపందుకుంది. 1840లో బ్రిటన్ పెన్నీ తపాలా తెచ్చింది, 1849లో ఫ్రాన్స్ తొలి తపాలా బిళ్ళ వేసింది. రాతబల్ల ప్రతి మధ్యతరగతి ఇంటికీ చేరింది. కాగితం, కవర్లు, సిరాబుడ్డి అమ్మే కొట్లలోనే ఈ గాజు గోళాలూ అమ్మారు. కొనేవాళ్ళ చేతికి కాస్త బరువు, కంటికి బోలెడు రంగు.

పట్టుమని పదిహేనేళ్ళు కూడా సాగలేదు ఆ వైభవం. 1860 వచ్చేసరికి మోజు తగ్గింది. క్లిషీ తర్వాత ఇంకో కంపెనీలో కలిసిపోయింది. మిగతా రెండూ వేరే సరుకు మీద పడ్డాయి. ఇవాళ మనం మహత్తరమని చెప్పుకునే పేపర్‌వెయిట్లలో ఎక్కువ భాగం ఆ కొద్దికాలంలోనివే.

కడ్డీలో దాగిన బొమ్మ

వీటి తయారీ గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. అది తెలిస్తేనే బీరువా ముందు ఎందుకు ఆగిపోతామో అర్థమవుతుంది.

ముందు కొలిమిలోంచి ఇనుప కడ్డీ కొసకు కరిగిన రంగు గాజును తీసుకుంటారు. దాన్ని నక్షత్రం ఆకారంలో లోపలి గాళ్ళున్న ఇనుప అచ్చులోకి నొక్కుతారు. పైకి తీసి ఇంకో రంగు గాజులో ముంచుతారు, మరో అచ్చులో నొక్కుతారు. ఇలా పొరమీద పొర వేసినాక, లావుపాటి ముద్దకు రెండు వైపులా ఇనుప కడ్డీలు అంటించి, ఇద్దరు పనివాళ్ళు ఒకరికొకరు దూరంగా నడుస్తారు. మధ్యలో గాజు సాగుతుంది. తీగపాకం సరైన అదనులో ఉన్నప్పుడే సాగినట్టు, గాజుకూ ఆ అదను కొన్ని క్షణాలే. తొందరపడితే తెగుతుంది, ఆలస్యమైతే బిగుసుకుంటుంది. సరిగ్గా సాగితే అరచేయంత వెడల్పున్న బొమ్మ పెన్సిలంత సన్నని కడ్డీగా మారుతుంది. లోపలి బొమ్మ మాత్రం చెదరదు. కడ్డీని ఎక్కడ కోసినా అదే నక్షత్రం, అదే వలయం, అంతే పొందికగా, మరీ చిన్నదిగా కనిపిస్తుంది.

ఇలాంటి కడ్డీలు రకరకాలవి చేసి, చిన్న చిన్న బిళ్ళలుగా కోసి, ఒక ఇనుప చట్రంలో పట్టకారుతో ఒక్కొక్కటే పేరుస్తారు. దాన్ని వేడిచేసి, పైనుంచి కరిగిన తేటగాజు ముద్దతో ఒక్కసారిగా పైకి లేపుతారు. తర్వాత మళ్ళీ తేటగాజులో ముంచి, తడిపిన చెక్క దోనెలో తిప్పుతూ గుండ్రని గుమ్మటంలా తీరుస్తారు. ఆ గుమ్మటం భూతద్దంలా పనిచేస్తుంది. సీసం కలిపిన గాజు కావడంతో వెలుగు ఇంకా గట్టిగా వంగుతుంది. లోపల ఉన్నది గోరంత అయినా కంటికి నిండుగా కనిపిస్తుంది.

ఇక అసలు పరీక్ష చల్లార్చడం. రంగు గాజు, తేటగాజు ఒకే తీరుగా వ్యాకోచించి, ఒకే తీరుగా సంకోచించాలి. ఒకటి ఎక్కువ కుంచించుకున్నా గోళం పగులుతుంది. ఆ పగులు అప్పుడే రావాలని కూడా లేదు. అందుకే ప్రత్యేకమైన ఓవెన్‌లో చాలా నెమ్మదిగా చల్లారుస్తారు. ఆ తర్వాత అడుగు సాన పట్టి మెరుగు పెడతారు. వందేళ్ళు దాటినా మచ్చ లేకుండా ఉన్న ఒక్క పేపర్‌వెయిట్ వెనక, రంగుల రసాయనం గుండెల్లో దాచుకున్న ఏ మేస్త్రీయో ఉంటాడు. అతని పేరు చాలాసార్లు మనకు దక్కలేదు.

పూలు, పళ్ళు, సీతాకోకచిలుకలు ఉన్న రకం వేరు. వాటిని దీపపు మంట దగ్గర కూర్చుని, సన్నని రంగు గాజు పుల్లలను కరిగిస్తూ రేకు రేకుగా చేస్తారు. తర్వాతే తేటగాజులో పొదుగుతారు. మరో రకంలో తెల్లని మట్టితో చేసిన మనుషుల ముఖచిత్రాలు గాజు లోపల వెండిలా మెరుస్తాయి. క్లిషీవాళ్ళు కడ్డీతోనే గులాబీ చేయడం నేర్చారు. ఆ చిన్న గులాబీ కనిపిస్తే అది క్లిషీదేనని నిపుణులు చూడగానే అనుమానిస్తారు.

బకారా నీడబొమ్మల పుట్టుక మాత్రం పిల్లల కథలా ఉంటుంది. ఆ ఫ్యాక్టరీ మేనేజర్ జాన్ బాప్తీస్త్ తూసాన్ మేనల్లుడు ఎమీల్ గ్రిదెల్. 1846లో ఆ పిల్లాడు కాగితం కత్తిరించి జంతువుల బొమ్మలు చేస్తుంటే మేనమామ చూశాడు. వాటినే కడ్డీలలోకి ఎక్కించమని పనివాళ్ళకు ఇచ్చాడు. కోడిపుంజు, కుక్క, గుర్రం, జింక, కోతి, ఏనుగు అలా గాజులోకి వచ్చాయి. వాటిని ఇవాళ్టికీ గ్రిదెల్ బొమ్మలనే పిలుస్తారు. ఒక బాలుడి చేతిలోని కాగితం ముక్కలు 170 ఏళ్ళకు పైగా గాజులో బతుకుతున్నాయి.

గాజు సాగదీసే విద్య మన నేలకు కొత్తది కాదని ఇక్కడ చెప్పాలి. శ్రీకాళహస్తి, రేణిగుంటల దాపున ఉన్న పాపానాయుడుపేటలో తరతరాలుగా పూసల పనివాళ్ళున్నారు. కొలిమిలోంచి కరిగిన గాజును బోలు కడ్డీకి చుట్టి, లోపలి నుంచి కొక్కెంతో లాగుతూ మూరల కొద్దీ సన్నని గాజు గొట్టం తీస్తారు. దాన్ని ముక్కలు చేస్తే పూసలు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండువేల ఏళ్ళ కిందట సాగిన పద్ధతికి ఇది వారసత్వమని పూసల చరిత్రకారుడు పీటర్ ఫ్రాన్సిస్ రాశాడు. ఆ కోవ పూసలు ఓడలెక్కి ఒకవైపు ఆఫ్రికా తీరం దాకా, ఇంకోవైపు తూర్పు ఆసియా దాకా వెళ్ళాయి. పాపానాయుడుపేట గురించి ప్రపంచంలో పూసల చరిత్ర చదివినవారికి తెలుసు. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆ ఊరి పేరు వెతుక్కోవాలి. అక్కడ మ్యూజియం ఒకటి ఉండి తీరాలని నా గట్టి నమ్మకం.

రాజుగారిది చెదిరింది, ఆమెది నిలిచింది

పేపర్‌వెయిట్లు పోగుచేసినవాళ్ళలో పెద్ద పెద్దవాళ్ళున్నారు. ఫ్రెంచి రచయిత్రి కొలెట్ దగ్గర మంచి సేకరణ ఉండేది. తనను చూడటానికి వచ్చిన అమెరికన్ యువ రచయిత ట్రూమన్ కపోటీకి అందులోంచి ఒకటి ఇచ్చింది. ఆ ఒక్కదానితో ఆయనా సేకర్త అయిపోయాడు. ఈజిప్టు రాజు ఫరూక్ సేకరణ మరీ ప్రసిద్ధం. 1952లో ఆయన గద్దె దిగిపోయాడు. 1954లో కైరో రాజమందిరంలో ఆయన వస్తువులన్నీ వేలానికి వచ్చాయి. నాణేలు, గడియారాలు, గాజు గోళాలు దేశదేశాలకు చెల్లాచెదురయ్యాయి. దేని పక్కన ఏముండేదో, ఏది ఎందుకు కొన్నాడో చెప్పే క్రమం పోయింది.

నీనాలో దీనికి పూర్తిగా విరుద్ధం జరిగింది. జాన్ బెర్గ్‌స్ట్రామ్ 1951లో చనిపోయాడు. ఇల్లు ఊరి సొత్తు కావాలని, అది మ్యూజియం కావాలని దంపతులు ముందే నిర్ణయించుకున్నారు. 1958లో ఎవాంజలిన్ కన్నుమూసింది. ఆమె వదిలివెళ్ళిన పేపర్‌వెయిట్లు ఆరు వందలకు పైనే. మరుసటి ఏడాదే, 1959లో, జాన్ నెల్సన్ బెర్గ్‌స్ట్రామ్ ఆర్ట్ సెంటర్ అండ్ మ్యూజియం పేరుతో ఆ ఇల్లు తలుపులు తెరిచింది. ఆ పేరు భర్తది, ఎవాంజలిన్‌ది కాదు. ఆమె సేకరణను చూడటానికి వచ్చేవాళ్ళకు ఆమె పుస్తకం ఎలాగూ తోడుంది.

చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ వెయ్యికి పైగా పేపర్‌వెయిట్లున్నాయి. రియల్ ఎస్టేట్ వ్యాపారి ఆర్థర్ రబ్లాఫ్ 1978లో ఇచ్చిన సేకరణ అది. గొప్పదే. కానీ ఆ మ్యూజియంలో మోనే ఉన్నాడు, వాన్ గో ఉన్నాడు, సొరా పెద్ద చిత్రం ఉంది. అవి చూసి అలసిన కళ్ళతో జనం గాజు గోళాల ముందు నుంచి నడుచుకుంటూ పోతారు. అరచేతిలో పట్టే వస్తువుకు చిన్న గదే తగిన ఇల్లు. నీనాలో పోటీ పడే మోనే లేడు. పేపర్‌వెయిట్ చూడటానికే వచ్చారు కాబట్టి పేపర్‌వెయిట్‌నే చూస్తారు. ఒకదాని ముందు పది నిమిషాలు నిలబడవచ్చు, వెనక నుంచి తోసేవారుండరు. పెద్ద మ్యూజియాలు ఇవ్వలేనిది ఇదే. చిన్న మ్యూజియాలను లెక్కచేయకపోవడం మనకు మనం చేసుకుంటున్న అన్యాయం.

వియన్నా నుంచి వచ్చిన రసాయన శాస్త్రవేత్త

మ్యూజియం పేరులోని రెండో సగం ఎర్న్‌స్ట్ మాహ్లర్‌ది. వియన్నాలో పుట్టిన రసాయన శాస్త్రవేత్త. మొదటి ప్రపంచ యుద్ధం ముంగిట కింబర్లీ–క్లార్క్‌లో చేరాడు. చెక్కగుజ్జు నుంచి దూదిలాంటి మెత్తని పదార్థం తయారుచేసే పనికి ఆయనే ముఖ్యుడు. దానికి సెల్యుకాటన్ అని పేరు పెట్టారు. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగాక, దూదికి కరువొచ్చినప్పుడు సైనికుల గాయాలకు అది కట్టుగా పనికొచ్చింది. యుద్ధభూమిలో నర్సులు దాన్ని నెలసరికి వాడుకున్నారు. అది తెలిసి కంపెనీ 1920లో కోటెక్స్, ఆ తర్వాత 1924లో క్లీనెక్స్ తెచ్చింది.

మాహ్లర్ కుటుంబం సేకరించినవి జర్మన్ మాట్లాడే దేశాల పాత గాజు పాత్రలు. వాటిలో పదహారో శతాబ్దం నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా ఉన్నాయి. ఇవి కూడా మ్యూజియానికి చేరాక దాని పేరు బెర్గ్‌స్ట్రామ్–మాహ్లర్‌గా మారింది.

ఆ కోవ గాజుకు వేరే అందం ఉంది. మధ్య యూరప్ అడవుల్లో కొలిమి పెట్టి, బీచ్ చెట్ల బూడిదతో గాజు వండేవారు. ఇసుకలోని ఇనుము వల్ల అది పచ్చగా వచ్చేది. తేటగా లేదని ఎవరూ బాధపడలేదు, ఆ పచ్చదనాన్నే ఇష్టపడ్డారు. ద్రాక్షసారా తాగే గ్లాసు కాడకు గాజు బొడిపెలు అంటించేవారు. చేతికి కొవ్వంటినా గ్లాసు జారకుండా అన్నమాట. హుంపెన్ అనే జానెడు పైన ఎత్తుండే బీరు పాత్ర మీద ఎనామిల్ రంగులతో రెండు తలల గద్దను, దాని రెక్కల నిండా సామ్రాజ్యంలోని సంస్థానాల ముద్రలను చిత్రించేవారు. పొత్తు విందుల్లో ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అది తిరిగేది. బొహీమియాలో ఇంకా నాజూకైన పని ఉంది. ఒకదానిలో ఒకటి సరిగ్గా ఇమిడే రెండు గ్లాసుల మధ్య బంగారు రేకుపై గీసిన బొమ్మను బంధిస్తారు. పెదవికి తగిలేది గాజే, కంటికి తగిలేది బంగారం.

పేపర్‌వెయిట్, హుంపెన్ రెండూ వాడుక వస్తువులే. ఒకటి రాతబల్ల మీదిది, ఒకటి విందు బల్ల మీదిది. అందుకే ఆ రెండు సేకరణలు ఒక ఇంట్లో ఇమిడాయనిపిస్తుంది.

మూతపడని కొలిమి

బకారాలో ఒక సంఘటన జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు కూలిన ఆ ఊరి చర్చి శంకుస్థాపన రాయిలో 1951లో ఒక పేపర్‌వెయిట్ దొరికింది. 1853 నాటిది. దాదాపు నూరేళ్ళు రాతి కడుపులో ఉన్నా చెక్కుచెదరలేదు. అప్పటికి ఆ విద్య ఫ్యాక్టరీలో దాదాపు అంతరించింది. పాల్ జోకెల్సన్ అనే సేకర్త పట్టుబట్టి బకారాను, సెయింట్ లూయీని మళ్ళీ ఆ పనికి పురిగొల్పాడు. పోయిన విద్యను కూడగట్టుకోవడానికి ఏళ్ళు పట్టింది. 1953లో జోకెల్సన్ పేపర్‌వెయిట్ సేకర్తల సంఘం స్థాపించాడు. ఆ సంఘం ఇప్పటికీ నడుస్తోంది.

అమెరికాలో కొత్త పనివాళ్ళు పుట్టుకొచ్చారు. చార్లెస్ కజియన్ ఒంటరిగా ప్రయోగాలు చేస్తూ, ఫ్యాక్టరీ అక్కర్లేకుండానే పేపర్‌వెయిట్ చేయవచ్చని చూపించాడు. పాల్ స్టాంకార్డ్ అయితే ప్రయోగశాలలకు గాజు పరికరాలు చేసే పనిలో ఏళ్ళ తరబడి ఉన్నాడు. ఆ మంట దగ్గర కుదిరిన చేతితోనే తర్వాత అడవి పూలు, బెర్రీలు, తేనెటీగలు చేశాడు. ఆయన పూల మొక్కను నేలతో సహా చూపిస్తాడు. వేళ్ళ మధ్య సన్నని మనుషులు పడుకుని ఉంటారు. తొలిసారి చూసేవారు అది నిజమైన మొక్క అనుకోవడం మామూలే.

నీనా మ్యూజియం ఈ కొత్తవారి పనినీ సేకరిస్తోంది. ఇప్పుడు అక్కడి గాజు వస్తువులు 3,000కు పైనే. స్టూడియో కూడా ఉంది. పిల్లలు, పెద్దలు గాజు కరిగించడం, అతకడం నేర్చుకునే తరగతులు నడుపుతారు. ప్రవేశం ఉచితం. ఊరంతా దాన్ని తమదిగా చూసుకోవడానికి ఆ ఒక్క నియమం చేసిన మేలు చిన్నది కాదు. కింబర్లీ–క్లార్క్ ప్రధాన కార్యాలయం 1985లో టెక్సాస్‌కు తరలిపోయింది. ఎవాంజలిన్ గాజు నీనాలోనే ఉంది.

మన ఇళ్ళలో ఉన్నవి

మన దగ్గర ఇలాంటి సంప్రదాయం లేదా అంటే ఉంది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియమే ఒక మనిషి సేకరణ. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో వారసులు లేకుండా పోయాడు. 1951లో ఆయన దివాన్ దేవ్డీలో నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం మొదలైంది. వెనిస్, బొహీమియా, ఫ్రాన్స్, ఇంగ్లండు గాజుకు అక్కడ ప్రత్యేక గ్యాలరీ ఉంది. గడియారం గంట కొట్టే బొమ్మ కోసం, మేలిముసుగు రెబెక్కా కోసం ఎగబడే మనం ఆ గదిలో ఎంతసేపు ఆగుతాం? ఈసారి వెళ్ళినప్పుడు అక్కడ కాసేపు నిలబడండి. ఈ కథలో చెప్పిన బొహీమియా పనితనం మన ఊళ్ళోనే కనిపిస్తుంది. అదే నగరంలో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు భారతీయ చిత్రాలు, చేతిపనులు ఏరికోరి సేకరించి 1976లో మ్యూజియంగా ట్రస్టుకు అప్పగించారు. నీనా కథకు మన దగ్గర అసలైన తోడు అదే.

వీటికి అవతల, పేరు లేని సేకరణలు ఎన్నో. నిజాం కాలం నాణేలు దాచిన ఉపాధ్యాయులు, తాళపత్రాలు కాపాడిన కుటుంబాలు, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల పాత నమూనాలు ఏరినవారు, పాత గ్రామఫోను రికార్డులు, తొలినాటి పత్రికలు కట్టలుగా పేర్చినవారు ప్రతి జిల్లాలో ఉన్నారు. ఆ పెద్దాయన ఉన్నంతకాలం అవి భద్రం. ఆయన తర్వాత సగం పాత సామాన్ల కొట్టుకు, సగం చెదలకు. వస్తువు మిగిలినా, అది ఎక్కడిదో చెప్పగలిగిన నోరు ఉండదు.

అందుకే ఎవాంజలిన్ చేసిన రెండు పనులు మనకు అవసరం. తెలిసింది రాసిపెట్టడం, పోగుచేసింది విడగొట్టకుండా ఊరికి ఇవ్వడం. మొదటిదానికి డబ్బు కూడా అక్కర్లేదు.

చికాగో, మిల్వాకీల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు నీనా ఒక్కరోజు ప్రయాణం. చికాగో నుంచి కారులో మూడు గంటలు. పిల్లలను తీసుకెళ్ళండి. వెళ్ళే ముందు వేళలు, చిరునామా మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఇక్కడున్నవారికి ఇంకో విన్నపం. మీ ఇంట్లో, మీ తాతగారి పెట్టెలో ఏదైనా సేకరణ ఉంటే ఈ ఆదివారం బయటికి తీయండి. ఒక నోటు పుస్తకంలో ఒక్కో వస్తువుకు ఒక్కో పేజీ కేటాయించి, అదేమిటో, ఎక్కడిదో, ఎవరిచ్చారో, ఎప్పుడు కొన్నారో రాయండి. చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే రాయండి.